ఊపిరి అనే అమానత్

నేడు మీ ముందుంచదలచిన విషయం ఊపిరి.

ఈ మస్జిదులో కూర్చున్నప్పటి నుండి మనలో ప్రతి ఒక్కరమూ కొన్ని వందలసార్లు గాలి పీల్చి వదిలాము. ఒక్కదానినీ లెక్కించలేదు. రోజుకు అవి సుమారు 20,000 అవుతాయి. శిశువు తల్లి గర్భంలో ఉన్నంతకాలం దాని ఊపిరితిత్తులు ద్రవంతో నిండి ఉంటాయి. తొలి ఏడుపుతో వాటిలోకి గాలి చేరుతుంది. మనం ఆ చెవిలో అజాన్ పలికే వేళకే ఈ లెక్క మొదలై ఉంటుంది.

పీల్చిన గాలి శ్వాసనాళం గుండా దిగి, చెట్టు కొమ్మల వలె చీలుతూ చీలుతూ అతి సూక్ష్మమైన వాయుగోణులను చేరుతుంది. అవి 30 కోట్లకు పైబడి ఉంటాయి. వాటి లోపలి గోడలన్నింటినీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే దాదాపు వందమంది నమాజీలు బారులు తీరి నిలబడేంత చోటు. దానిని అల్లాహ్ మన రొమ్ములో మడిచి పెట్టాడు! వాయుగోణి గోడ, దానిని అంటియున్న రక్తనాళపు గోడ రెండూ కలిసినా తలవెంట్రుక మందంలో వందో వంతు ఉండవు. ఆ పొర గుండానే ఆక్సిజన్ రక్తంలోకి, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి దాటుతాయి. ఏదీ వాటిని నెట్టదు. ప్రతి వాయువూ తాను ఎక్కువగా ఉన్నచోటి నుండి తక్కువగా ఉన్నచోటికి సాగుతుంది. ఎర్ర రక్తకణం అక్కడ ఒక సెకను కూడా నిలవదు. ఆ కొద్ది వ్యవధిలోనే దాని పని పూర్తవుతుంది.

అన్‌ఆమ్ సూరాలో ఇరుకైన ఎదకు, ఆకాశానికి ఎక్కే మనిషికి పోలిక ఉంది. కొందరు వక్తలు దానిని వైద్యపాఠంగా మార్చి చెబుతారు. అక్కడి ప్రస్తావన సన్మార్గం గురించినది. ఉపమానాన్ని ఉపమానంగా ఉంచడమే మర్యాద అని మా అభిప్రాయం. దేహాన్ని తెలుసుకొనడానికి మన పూర్వికులు పరిశీలననే ఆశ్రయించారు. 1213లో జన్మించిన డమాస్కస్ వైద్యుడు ఇబ్నున్ నఫీస్ షాఫయీ ఫిఖ్హ్ బోధకుడు కూడా. గుండెలోని నడిమి గోడకు గల రంధ్రాల గుండా రక్తం కుడి నుండి ఎడమకు చేరుతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాట వెయ్యేళ్ళకు పైగా చెల్లింది. ఆ గోడకు రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తులకు వెళ్ళి గాలితో కలిసి మరలి వస్తుందనీ 1242 నాటికే ఆయన రాశాడు. ఆ రాతప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో ఉన్నదన్న సంగతి 1924లో గాని లోకానికి తెలియలేదు. తన ఇంటిని, పుస్తకాలను ఆయన కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చి వెళ్ళాడు.

ఇక చేదు మాట. బీడీ, సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన బలంతో రక్తాన్ని పట్టుకుని దాని చోటును ఆక్రమిస్తుంది. ఏళ్ళ తరబడి పీల్చిన పొగకు వాయుగోణుల గోడలు చిట్లుతాయి. అలా చిట్లినవి తిరిగి కట్టుకోవు. పొగ మానితే మిగిలినవి నిలుస్తాయి. పొగాకు మక్రూహ్ అని కొందరు, హరామ్ అని మరికొందరు ఫుఖహా వాదించారు. ఆ చర్చ మొదలైన కాలంలో ఈ హాని ఇంతగా తెలియదు. తెలిసిన తరువాత కూడా పాత మాట చాటున దాగడం న్యాయమేనా? ఇంట్లో వెలిగించేవాడు తన అమానత్‌తో పాటు భార్యాబిడ్డల అమానత్‌ను కూడా కాలుస్తున్నాడు.

సలామ్ పలికిన వెంటనే గేటు వద్ద బీడీ వెలిగించే సోదరులు మనలో ఉన్నారు. వారిని చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. నేటి నుండి గేటు వద్ద పొగ ఉండరాదని కోరుతున్నాము. మానదలచినవారు నమాజు తరువాత మమ్మల్ని కలిస్తే, వైద్యుని వద్దకు తోడు వస్తాము.

ఊపిరాడక రాత్రంతా కూర్చునే తెల్లవారజేసే మన పెద్దలకు అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.