ఉత్తర ధ్రువప్రాంతపు ఆహారములో పాదరసము



కెనడా దేశమున క్వెబెక్ రాష్ట్రపు ఉత్తరభాగమున నునావిక్ అను సీమ కలదు. అచ్చటి సముద్రతీరమున 14 గ్రామములలో ఇన్యూట్ ప్రజలు నివసించుచున్నారు. పైరు పండించుటకు తగిన నేల కాదది. సీలు, బెలూగా తిమింగిలము, చేపలు, కారిబూ దుప్పి, ఇవియే వారికి తరతరముల ఆహారము. ఆ ఆహారములో పాదరసమున్నది. అందు అత్యధికభాగము వారు పుట్టించినది కాదు.

బొగ్గు మండినచోట, పాదరసముతో బంగారమును వేరుచేయుచోట అది ఆవిరియై లేచి, గాలివెంట వేలమైళ్లు పోయి, ఉత్తరపు మంచుమీదను నీటిలోను పడును. మన దేశపు థర్మల్ కేంద్రముల పొగయు ఆ గాలిలో కలియుచున్నదే. నీటిలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. చిన్నజీవిని చేప తిని, చేపను బెలూగా తిని, మెట్టుమెట్టుకు విషము గాఢమగును. పైమెట్టున మనుష్యుడున్నాడు.

ఈ విషము నరములను చెరచునని 1956లో జపానులోని మినమాటాలో బయటపడిన వ్యాధివలన లోకమునకు తెలిసినది. రక్తపుపోటు మాట తరువాతిది. 2004లో అముండ్సెన్ అను నౌకపై వైద్యబృందము నునావిక్ తీరమంతయు తిరిగి, పెద్దల రక్తమును పరీక్షించి, పోటు కొలిచినది. అయితే ఇందొక చిక్కున్నది. పాదరసము మోసుకొనివచ్చు ఆ చేపయే గుండెకు మేలుచేయు ఒమేగా-3 కొవ్వును, సెలీనియమును కూడ తెచ్చుచున్నది. మేలు కీడును కప్పివేయును. ఆ మేలును లెక్కలో చేర్చి చూచినప్పుడు, పాదరసము హెచ్చుగానున్నవారిలో పోటుయొక్క పై అంకె హెచ్చుగా నుండుట కనబడినదని 2009లో ప్రకటించిరి. ఒక్కమారు కొలిచిన కొలతతో ఇదియే కారణమని తీర్పు చెప్పరాదు; పత్రికలు ఈ భేదమును తరచుగా మరచును.

మరి అచ్చటి తల్లికి ఏమి చెప్పవలెను? మాంసము మానుమనుట సులభమే. మానినచో దక్కునది దూరమునుండి వచ్చిన ఖరీదైన అంగడి తిండి; అందలి ఉప్పు, చక్కెర పోటునకు మందు కావుగదా! పాదరసము కండను పట్టియుండును, కొవ్వును అంతగా పట్టదు. మాంసము ఎండిన కొలది గాఢమగును. గర్భస్థశిశువు మెదడును తలచి 2011లో అచ్చటి ఆరోగ్యాధికారులు, బిడ్డలను కనవలసిన స్త్రీలు బెలూగా మాంసమును తగ్గించవలెననియు, ఆర్కిటిక్ చార్ అను చేపను తినవచ్చుననియు చెప్పిరి. ఇట్టి మాట ఇంగ్లీషులో, ఫ్రెంచిలో చెప్పిన చాలదు, వారి ఇనుక్టిటుట్ భాషలో చెప్పవలెను. బిడ్డలకు తెలుగు చదువుకై ఈ పాఠశాలను నిలుపుకొన్న మీకు ఇది వివరింప నక్కరలేదు.

తినువారికి సలహా చెప్పితిమి. పంపువారి మాట యేమి? 2013లో ఆమోదింపబడి 2017లో అమలునకు వచ్చిన మినమాటా ఒప్పందము, ఉత్తర ధ్రువప్రాంతపు ఆదిమవాసులను పీఠికలోనే పేర్కొన్నది. 2018లో భారతదేశమును అందు చేరినది. అయినను పొగగొట్టములన్నియు నేడే మూతపడినను, సముద్రమున ఇదివరకే చేరినది దశాబ్దముల కాలము అచ్చటనే తిరుగుచుండును. అంతదనుక నునావిక్ తల్లులు ఏ జంతువును, అందు ఏ భాగమును వండవలెనో ఎంచుకొనుచునే యుందురు.