ఇసుక రేణువు చేసే సేవ

(వేటపాలెంలో రోగుల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన కార్యక్రమంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రంతా వార్డు వరండాలో నిద్ర లేకుండా గడిపి ఇక్కడికి వచ్చారు. మంచం పక్కన ఉన్న పెట్టెలో అంకె పెరిగితే మీ ముఖం విప్పారుతుంది. తగ్గితే సిస్టరు కోసం పరుగెత్తుతారు. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది, దానిని ఎంతవరకు నమ్మవచ్చు అనే సంగతి మాత్రం మీకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

దీని గురించి మాట్లాడాలని నాకు అనిపించడానికి ఒక కారణం ఉంది. 2021 మే నెలలో కోవిడ్ వచ్చిన ఒక చేనేత కార్మికుణ్ణి ఆయన కొడుకు తీసుకువచ్చాడు. "రెండు రోజులుగా ఆక్సిజన్ 98 ఉంది సార్, అందుకే ఇంట్లోనే ఉంచాం" అన్నాడు. క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ 84. నాడి 98. ఆ అబ్బాయి రెండు రోజులూ నాడి అంకెను ఆక్సిజన్ అనుకుని చూశాడు. ఆ పెద్దాయన దేవుని దయవల్ల బతికారు గాని, చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండవలసి వచ్చింది. తప్పు ఆ బిడ్డది కాదు. పరికరం ఇళ్ళలోకి వచ్చింది, దానిని చదవడం నేర్పవలసిన మావంటి వాళ్ళం నేర్పలేదు.

అందుకని ఈ రోజు రెండు మాటల గురించి చెప్పుకుందాం. ఒకటి నానో టెక్నాలజీ, రెండవది సెమీకండక్టర్. పేపర్లలో ఈ మాటలు తరచుగా చూస్తున్నారు. ఇవి పెద్ద చదువుల మాటలని భయపడకండి. మగ్గం తెలిసినవారికి, పాలు తోడు పెట్టడం తెలిసినవారికి ఇవి తేలికగానే అర్థమవుతాయి.

సెమీకండక్టర్ అంటే ఏమిటి?

రాగి తీగలో కరెంటు పారుతుంది. రబ్బరులో పారదు. ఈ రెండింటికీ మధ్య రకం పదార్థాలను అర్ధవాహకాలు, అంటే సెమీకండక్టర్లు అంటారు. వాటిలో ముఖ్యమైనది సిలికాన్. ఇసుకలో ఆక్సిజన్‌తో కలిసి ఉండే మూలకమే ఇది. శుద్ధి చేసిన సిలికాన్ తనంతట తాను కరెంటును పెద్దగా పారనివ్వదు. దానిలో లేశమాత్రం భాస్వరమో బోరానో కలిపితే గుణం మారిపోతుంది. గిన్నెడు పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లవారేసరికి పాలన్నీ పెరుగైనట్లే అనుకోండి.

ఇక చిప్ సంగతి. మన చీరాల, వేటపాలెం నేతగాళ్ళకు జాకార్డు తెలుసు. అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఆ లేవడం, లేవకపోవడంతోనే అంచు మీద నెమలి, మామిడి పిందె తయారవుతాయి. చిప్‌లో జరిగేదీ అంతే. కరెంటు పారడం, పారకపోవడం. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఇటువంటి మొదటి చిన్న స్విచ్‌ను, అంటే ట్రాన్సిస్టర్‌ను తయారుచేశారు. ఈనాడు గోరంత చిప్‌లో అవి కోట్ల కొద్దీ ఉంటాయి.

నానో అంటే ఎంత?

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. నూలు పోగును విప్పితే కనిపించే ఒక్క పత్తి పీచు కూడా 10 వేల నానోమీటర్లకు తక్కువ ఉండదు. సాధారణంగా 100 నానోమీటర్ల లోపు ఉన్న వాటిని నానో పదార్థాలు అంటారు.

అంత చిన్నవైనప్పుడు పదార్థాల గుణాలు మారతాయి. బంగారం పసుపు రంగులో ఉంటుందని మనకు తెలుసు. దానినే 20, 40 నానోమీటర్ల కణాలుగా నీటిలో కలిపితే ద్రాక్షరసంలా ఎర్రగా కనిపిస్తుంది. మైకేల్ ఫారడే 1857లోనే దీనిని పరిశీలించాడు. గర్భ నిర్ధారణ కార్డు మీద, మలేరియా కార్డు మీద వచ్చే ఎర్ర గీత చాలా కార్డులలో ఈ బంగారు కణాలదే. వెతుకుతున్న పదార్థం ఉంటే కణాలు గీత దగ్గర ఆగి పోగవుతాయి, మన కంటికి కనిపిస్తాయి. అందుకే కార్డును దానిపై రాసిన సమయంలోపే చూడాలి. గంటల తరువాత చూస్తే, ఆరిపోయిన కార్డు మీద లేని గీత ఉన్నట్లు కనిపించవచ్చు. మలేరియా కార్డులో గీత రాకపోయినా జ్వరం తగ్గకపోతే మళ్ళీ రక్తపరీక్షకు రావాలి.

వేలి క్లిప్పును చదవడం ఎలా?

క్లిప్పు లోపల రెండు చిన్న దీపాలున్నాయి. ఒకటి ఎర్రనిది, రెండవది కంటికి కనిపించనిది. రెండూ గాలియం అనే మూలకంతో కూడిన సెమీకండక్టర్లతో చేసినవే. వేలికి అవతలి పక్కన సిలికాన్ ముక్క ఒకటి కన్నులా కూర్చుని, ఎంత వెలుతురు దాటి వచ్చిందో లెక్క చూస్తుంది. ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తం ఎర్ర కాంతిని ఎక్కువగా దాటనిస్తుంది. ఆక్సిజన్ తగ్గిన రక్తం దానిని పీల్చుకుంటుంది. వేలిలో చర్మం, ఎముక కూడా ఉన్నాయి కదా, రక్తాన్నే ఎలా పట్టుకోవాలి? నాడి కొట్టినప్పుడు మారే వెలుతురును మాత్రమే లెక్కలోకి తీసుకోవాలనే ఉపాయం జపాన్‌కు చెందిన టకువో అవోయాగీకి తోచింది. 1974లో ఆయన దానిని ప్రకటించారు. 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతా ఆ క్లిప్పు కోసం వెతుకుతున్న రోజుల్లోనే, ఆయన కన్నుమూశారు.

క్లిప్పు మీద రెండు అంకెలుంటాయి. శాతం గుర్తు ఉన్నది ఆక్సిజన్. గుండె బొమ్మ గాని, నిమిషానికి ఎన్నిసార్లు అని గాని ఉన్నది నాడి. ఈ రెండింటినీ ఎప్పుడూ కలగలపవద్దు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆక్సిజన్ 95 నుంచి 100 మధ్య ఉంటుంది. 94 కన్నా తగ్గితే డాక్టరుకు తెలియజేయండి. 90 కన్నా తగ్గితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. ఎంతోకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఈ అంకె వేరుగా ఉండవచ్చు. వారి డాక్టరు చెప్పినదే వారికి లెక్క. అటువంటి రోగికి అంకెను 100కు తేవాలని మీ అంతట మీరు సిలిండరు తిప్పవద్దు. ఎక్కువ ఆక్సిజన్ కూడా వారికి కీడు చేస్తుంది.

చూసేముందు రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేయండి. ముదురు రంగు గోళ్ళరంగు, నల్ల మెహందీ, అద్దకం రంగు ఉన్న వేలు వద్దు, మరో వేలు చూడండి. అంకె కదలకుండా నిలిచేదాకా ఆగండి.

ఇంకొక సంగతి. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఈ క్లిప్పు ఉన్నదానికన్నా ఎక్కువ చూపే ప్రమాదం ఉంది. 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, క్లిప్పు బాగానే ఉందని చూపినా రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉండటం తెల్లవారిలో కన్నా నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. కాబట్టి అంకె ఒక్కటే చూడకండి, మనిషిని చూడండి. ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మాట తడబడటం, మత్తు ఉంటే అంకె ఎంతున్నా తీసుకురండి.

క్లిప్పుకు తెలియని విషయాలు కూడా ఉన్నాయి. రక్తం తక్కువగా ఉన్న తల్లికి సైతం అది 98 చూపవచ్చు. ఉన్న బస్సులలో సీట్లు నిండాయా లేదా అన్నదే అది చెబుతుంది. బస్సులు ఎన్ని ఉన్నాయో చెప్పదు. మూసిన గదిలో జనరేటరు పొగో, బొగ్గుల కుంపటి పొగో పీల్చినవారికి ఆ విషవాయువును ఆక్సిజన్‌గా పొరపడి మంచి అంకె చూపుతుంది. మిరప చేనులోనో, పత్తి చేనులోనో మందు కొట్టి వచ్చి చొంగ కారుస్తూ, చెమటలు పోస్తూ, కంటిపాప చిన్నదైన మనిషికి మొదట 97 ఉండవచ్చు. అంకె బాగుందని ఇంట్లో పడుకోబెట్టవద్దు. బట్టలు మార్చి, ఒళ్ళు సబ్బునీటితో కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే తీసుకురండి.

నీలి దీపం

పసికందుకు కామెర్లు వచ్చి నీలి దీపం కింద పెడితే తల్లులు, అమ్మమ్మలు బెంగపడతారు. ఈ వైద్యానికి దారి చూపినది ఒక నర్సు. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే ఆమె, వెలుతురు తగిలినచోట బిడ్డ ఒంటి పసుపు తగ్గడం గమనించింది. తరువాత డాక్టర్లు పరిశోధించి, నీలి కాంతి ఆ పసుపు పదార్థాన్ని మలమూత్రాలలో పోగలిగే రూపానికి మారుస్తుందని తెలుసుకున్నారు. ఇప్పుడు ఎన్నో ఆసుపత్రులలో ఆ కాంతినిచ్చేవి గాలియం నైట్రైడ్ అనే సెమీకండక్టర్‌తో చేసిన దీపాలే. నీలి దీపాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

అది కరెంటు పెట్టడం కాదు, ఎక్స్‌రే కాదు. కళ్ళకు గంత కట్టి ఉంచాలి, తరచుగా పాలు పట్టాలి, చెప్పినంతసేపు దీపం కింద ఉంచాలి. ఎండలో పెడితే చాలని బిడ్డను ఇంటికి తీసుకుపోవద్దు. కామెర్లు బాగా ముదిరితే మెదడుకు ప్రమాదం. ఎండ ఎంత తగిలిందో కొలిచేవారు లేరు, పైగా వేడికి పసిబిడ్డ తట్టుకోలేదు.

మందులలో, మంచినీటిలో నానో

కొన్ని మందులను కొవ్వు పొరతో చేసిన నానో బుడగలలో పెట్టి ఇస్తారు. ఒక క్యాన్సర్ మందు ఈ రూపంలో 1995లో అమెరికాలో అనుమతి పొందింది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మన రాష్ట్రమంతా వెతికిన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇటువంటిదే. మామూలు ఆంఫోటెరిసిన్ కన్నా ఇది మూత్రపిండాలకు తక్కువ హాని చేస్తుంది. అయితే రెండింటి మోతాదులు వేరు. కాబట్టి మందుల చీటీ మీద పేరు మొత్తం చదివి, అదే తీసుకోండి. షాపులో "రెండూ ఒకటే" అన్నా, సిస్టరుకు గాని డాక్టరుకు గాని చూపించకుండా వాడనివ్వకండి.

హైదరాబాదులోని ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ వెండి నానో కణాల పూత వేసిన మట్టి క్యాండిల్ ఫిల్టరును తయారుచేసింది. ఆ వెండి నీటిలోని సూక్ష్మక్రిములను చంపుతుంది. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ ప్రదీప్ బృందం నీటిలోని పురుగుమందులను నానో కణాలతో తొలగించే పద్ధతిని కనిపెట్టింది. పత్తి, మిరప పండించే మన ప్రాంతానికి ఇది ఎంతో అవసరమైన పరిశోధన. కాని ఒకటి గుర్తుంచుకోండి. వెండి పూత క్రిములను చంపుతుందేగాని ఫ్లోరైడును తీయదు. కనిగిరి వైపు బంధువులున్నవారు ఈ మాట వారికి చెప్పండి.

పరిశోధనలు ఎంతవరకు వచ్చాయి?

కేంద్ర ప్రభుత్వం 2007లో నానో మిషన్‌ను ప్రారంభించింది. 2025 ఆగస్టులో మన రాష్ట్రంలో ఒక సెమీకండక్టర్ కర్మాగారానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2023లో రసాయన శాస్త్ర నోబెల్ క్వాంటం డాట్లు కనిపెట్టినవారికి వచ్చింది. ఇవి సెమీకండక్టర్‌తో చేసిన నానో కణాలు. కణం సైజు మారితే కాంతి రంగు మారుతుంది. క్యాన్సర్ గడ్డ అంచులను సర్జనుకు వెలిగించి చూపడానికి వీటిని పరీక్షిస్తున్నారు. వీటిలో చాలావాటిలో కాడ్మియం అనే విషలోహం ఉండటం ఒక అడ్డంకి. ఊపిరిలోని వాసనను బట్టి షుగరును కనిపెట్టే సెమీకండక్టర్ పరికరాల మీద కూడా పని జరుగుతోంది. అవి ఇంకా వేలిపోటు పరీక్షకు బదులు కాలేదు. కాబట్టి షుగరు మిషను మానవద్దు. చేతులు కడిగి ఆరిన తరువాతే రక్తం తీయండి. పండు తిన్న వేలితో చూస్తే లేని షుగరు కనిపిస్తుంది. మనది సముద్రపు గాలి, స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించండి.

మోసాలు, పుకార్లు

"నానో" అనే పేరు పెట్టి మోకాళ్ళ నొప్పులకు బెల్టులు, షుగరుకు చుక్కలమందు, క్యాన్సరుకు కంకణాలు అమ్మేవారున్నారు. పేరు చూసి మోసపోకండి. ఏ రోగానికి, ఏ మోతాదులో, ఎవరి అనుమతితో అని అడగండి. జవాబు లేకపోతే కొనకండి. మీరు కూలి చేసి, మగ్గం నేసి, జీడిపప్పు వలిచి సంపాదించిన డబ్బు అది.

2021లో టీకాలో చిప్ పెడతారని, అది అంత్యకాలపు ముద్ర అని కొందరు భయపెట్టారు. మన విశ్వాసులలో కూడా ఆ భయంతో టీకా మానుకున్నవారున్నారు. వారిని నేను తప్పుపట్టను, భయం మనిషికి సహజం. కాని ఇంతసేపూ చిప్ ఎలా పనిచేస్తుందో విన్నారు గదా. దానికి కరెంటు కావాలి, కబురు పంపడానికి యాంటెన్నా కావాలి. కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరస్, కోవిషీల్డ్‌లో ఉన్నది మన ఒంట్లో పెరగలేని వేరొక వైరస్. చిప్ ఏదీ లేదు. తెలుసుకుంటే సగం భయం పోతుంది.

ఇంటికి వెళ్ళేముందు ఒక పని చేయండి. మీ రోగి మంచం దగ్గరకు వెళ్ళి, ఆ రెండు అంకెలలో ఏది ఆక్సిజన్, ఏది నాడి అన్నది సిస్టరును అడిగి, మీ వేలితో చూపించి చెప్పండి. తరువాత మీ ఇంట్లోవారికి, పక్కింటివారికి నేర్పండి. ఆవగింజ ఉపమానం మీకందరికీ తెలుసు. చిన్నదని తోసివేయవద్దు.

దేవుడు మీ రోగులకు స్వస్థతను, మీకు ఓర్పును అనుగ్రహించును గాక.