వేళ్ళకే తిరిగిన నట్టు

ఒక బొమ్మ హెలికాప్టరు దగ్గర నేను సిగ్గుపడిన సంగతి ఈ ఉదయం మీతో పంచుకొనగోరుచున్నాను.

మా అక్క కుమారుడు రిమోటుతో ఎగిరే హెలికాప్టరును విడిభాగాలు కొని తానే బిగించుకున్నాడు. బొమ్మ అన్నానే గాని, దాని రెక్క ఒక్కొక్కటి 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2000 సార్లు తిరిగేటప్పుడు రెక్క కొన వేగం గంటకు దాదాపు 600 కిలోమీటర్లు. ఆ రెక్క ఊడి మీదికి వస్తే మనిషి ప్రాణం ఏపాటిది?

క్రిస్మస్ సెలవులలో ఊరి బయట పొలంలో ఎగరవేస్తానన్నాడు. సండేస్కూలు పిల్లలందరూ చేరారు. అతడు మాత్రం బ్యాటరీ కలపకుండా నేలమీద కూర్చున్నాడు. రెక్కలను చేతితో మెల్లగా త్రిప్పి, గేరు పళ్ళు ఎక్కడైనా పట్టేస్తున్నాయా అని చూశాడు. సన్నని కడ్డీల చివర లింకులను ఒక్కొక్కటిగా వేళ్ళతో కదిపాడు. రెక్కల మీద పగుళ్ళకోసం వెదికాడు. తోక రెక్కలను, బ్యాటరీ పట్టీని చూశాడు. చివరకు, రెక్కల తలను నిలువు షాఫ్టుకు పట్టి ఉంచే బోల్టు దగ్గర ఆగాడు. దాని నట్టులో నైలాను వలయం ఉంటుంది. అదురుకు నట్టు వదులు కాకుండా ఆపేది అదే. పానా లేనిదే కదలకూడని ఆ నట్టు వేళ్ళకే తిరిగింది.

"ఈరోజు ఎగరదు మామయ్యా" అన్నాడు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి.

"గట్టిగా బిగించి ఒక్కసారి ఎగరెయ్యరా, పిల్లలు ఎదురుచూస్తున్నారు" అన్నాను నేను.

"నైలాను అరిగిపోయింది. ఎంత బిగించినా అదురుకు మళ్ళీ వదులవుతుంది. పిల్లలున్నారు కాబట్టే ఎగరవేయను" అన్నాడు. ఆ మాట నన్ను గద్దించింది.

ఆ బోల్టును ఏమంటారని అడిగితే, "జీసస్ బోల్ట్" అన్నాడు! బెల్ కంపెనీ హ్యూయీ వంటి పెద్ద హెలికాప్టర్లలో రెక్కలను పట్టి ఉంచే నట్టును కూడా "జీసస్ నట్" అంటారట. అది ఊడితే యేసును పిలవడం తప్ప పైలటు చేయగలిగినది ఏమీ లేదని ఆ పేరు. ప్రియులారా, ఆకాశంలో పెట్టే కేక కంటే నేలమీద ఒక నిమిషం తాకి చూచుట మేలు కాదా?

మరుసటి వారం క్రొత్త నట్టు వేశాడు. అన్నీ మళ్ళీ మొదటినుండి చూశాడు. పిల్లలను చాలా దూరంగా నిలబెట్టాడు. ముందుగా చేతిలోని ట్రాన్స్‌మిటరు ఆన్ చేసి, తరువాతనే హెలికాప్టరు బ్యాటరీ కలిపాడు. అది పైకి లేచినప్పుడు పిల్లల కేకలు ఊరంతా వినబడ్డాయి.

మన ఇంటిలో వేళ్ళకే తిరుగుచున్న నట్టు ఏది? బిడ్డలను ఎక్కించుకొనే స్కూటరు బ్రేకా? గ్యాసు పొయ్యి రబ్బరు గొట్టమా? "రేపు చూద్దాంలే" అని ఎన్నాళ్ళు దాటవేశాము? నలుగురూ తొందరపెట్టుచున్నప్పుడు "ఈరోజు కాదు" అని చెప్పగల ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక.