దస్కత్తు పెట్టే ముందు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నేను మాట్లాడబోయే విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఆరోగ్యం మీదనో, చదువుల మీదనో పరిశోధన చేసేవారు మన వీధికి వస్తారు. వివరాలు రాసుకుంటారు, ఒక్కోసారి రక్తం కూడా తీసుకుంటారు. ఆ వివరాలను దేశమంతటి గణాంకాల్లో చేర్చడానికి ఒప్పుకున్నట్లు ఒక కాగితం ముందు పెడతారు. మనవాళ్ళలో కొందరు చదవకుండానే దస్కత్తు గీకేస్తారు. కొందరు "మాకెందుకొచ్చిన గొడవ" అని తలుపు వేసుకుంటారు. రెండూ నష్టమేనని నా మనవి.

తలుపు వేసుకుంటే ఏమి నష్టం? 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక సంగతి అందరికీ తెలుసు. చదువులోనూ ఉద్యోగాల్లోనూ మనం ఎంత వెనకబడి ఉన్నామో అది లెక్కలతో చూపింది. ఆ లెక్కలు ఎక్కడివి? 2001 జనాభా లెక్కలు, 2004-05 నాటి జాతీయ నమూనా సర్వే వగైరాల నుండి తీసుకున్నవి. ఎక్కడో ఒక తల్లి గడపలో కూర్చుని ఓపికగా జవాబు చెప్పింది గనుకనే ఆ అంకె పుట్టింది. లెక్కలో లేనివాడి కష్టం ఢిల్లీకి కనబడదు.

మరి చదవకుండా దస్కత్తు పెడితే? 2009లో, ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లా ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి ఒక అధ్యయనం చేశారు. 2010లో దాన్ని ఆపివేశారు. విచారణ జరిపితే 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల దస్కత్తులు ఉన్నాయని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది. తోటి ఉపాధ్యాయులకు నేను చెప్పేది ఇదే: మన దస్కత్తు తల్లిదండ్రుల దస్కత్తు కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు దాటిన పిల్లల ఇష్టం కూడా అడగాల్సిందే.

ఒక తేడా గమనించండి. జనాభా లెక్కలకు జవాబు చెప్పడం 1948 చట్టం ప్రకారం మన విధి. ఆ వివరాలను గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతుంది. పరిశోధన అలా కాదు. అది మన రజామందీ మీద నడవాలి. అధ్యయనంలో చేరడం ఒక రజామందీ. ఆ వివరాలను ఇంకొకరికి ఇవ్వడం మరొక రజామందీ. మొదటిదానికి సరే అన్నంత మాత్రాన రెండోదానికి సరే అన్నట్లు కాదు.

కాబట్టి నాలుగు మాటలు అడగండి. వివరాలు ఎవరి దగ్గరికి పోతాయి? పేరు తీసేస్తారా? ఊరి పేరు ఉంచుతారా? తర్వాత వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చా?

ఊరి పేరు ఎందుకంటారా? దూదేకులవారి ఇల్లు ఒక్కటే ఉన్న పల్లె అనుకోండి. పేరు కొట్టేసినా, ఊరూ కులమూ ఉంటే అది ఎవరిల్లో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. ఇక నాలుగో ప్రశ్న. పేరు తీసేసి లక్షలమంది వివరాల్లో కలిపిన తర్వాత మన వరుస ఏదో వెతికి తీయడం ఎవరి తరమూ కాదు. ఆళ్ళగడ్డ శిల్పిని అడగండి: ఉలి దెబ్బ పడకముందే ఆలోచించాలంటాడు.

చట్టమే చూసుకుంటుందిలే అనుకోవద్దు. 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు, గణాంకాలకు కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. అడగాల్సిన బాధ్యత మనదే.

మన సంఘానికి నాదొక విన్నపం. ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు పిల్లలు, అందులో ఒక అమ్మాయి తప్పక ఉండేటట్లు, ఇలాంటి కాగితాలను పెద్దలకు ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించాలి. నకలు అడిగి ఇంట్లో దాచాలి. చదువురానివారు వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధకులతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి.

మన వివరాలు అమానత్ లాంటివి. ఎవరికి ఇస్తున్నామో, ఎందుకు ఇస్తున్నామో తెలుసుకుని ఇద్దాం. తెలుసుకున్న తర్వాత మాత్రం వెనకాడకుండా ఇద్దాం.