ఆ విమానం అసలు రంగు ఏది?



విశాఖపట్నం బీచ్‌రోడ్డులో ఉన్న టీయూ-142 విమానాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ రకం విమానాలు 1988 నుంచి 2017 వరకు మన నౌకాదళంలో పనిచేశాయి. దాని ప్లాస్టిక్ నమూనాను మీరు తయారుచేస్తున్నారనుకుందాం. ఏ రంగు వేయాలి? వెళ్లి చూసి వస్తే చాలు కదా అనిపిస్తుంది. కాని ఎండకు, ఉప్పుగాలికి రంగు వెలిసిపోతుంది. ప్రదర్శనలో ఉంచే విమానాలకు మళ్లీ రంగులు వేయడం కూడా మామూలే. కాబట్టి చూసినదాన్ని కూడా ప్రశ్నించి తెలుసుకోవాలి.

మొదటి ప్రశ్న: మీ నమూనా ఏ సంవత్సరపు విమానానిది? రెండో ప్రపంచ యుద్ధకాలంలోని యాక్ యుద్ధవిమానాన్నే తీసుకోండి. 1941 నుంచి వాటి పైభాగానికి ఏఎమ్‌టీ-4 ఆకుపచ్చ, ఏఎమ్‌టీ-6 నలుపు రంగులు, అడుగుభాగానికి ఏఎమ్‌టీ-7 లేతనీలం వేసేవారు. 1943లో యుద్ధవిమానాల పైభాగానికి ఏఎమ్‌టీ-11 నీలిబూడిద, ఏఎమ్‌టీ-12 ముదురు బూడిద రంగులు వచ్చాయి. అయితే పాత రంగుల విమానాలు ఒక్కరోజులో మాయం కాలేదు. ఆనాటి ఫోటోలు ఎక్కువగా నలుపు తెలుపువే. పైగా కొన్ని రకాల ఫిల్ములకు ఎరుపు కాంతి సోకదు, అందువల్ల ఎరుపు నల్లగా పడుతుంది. ఒక్క ఫోటోను నమ్మి రంగు తేల్చడం ప్రమాదమే.

రెండో ప్రశ్న: ఆ రంగు అక్కడ ఎందుకు ఉంది? ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక విద్యార్థి మిగ్-21 నమూనాకు వెండిరంగు వేసి, ముక్కుకు, తోక కొనకు మాత్రం ఆకుపచ్చ పూసి తెచ్చాడు. "విమానమంతా లోహమే కదా, ఈ పచ్చరంగేమిటి?" అని మందలించాను. తర్వాత చదివితే తప్పు నాదేనని తెలిసింది. ముక్కులో రాడార్, తోక కొనలో ఏరియల్ ఉంటాయి. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. అందుకే ఆ భాగాలను లోహంతో చేయరు, వాటి రంగు కూడా వేరుగా ఉంటుంది. మర్నాడు తరగతిలో అందరి ముందూ ఆ మాట ఒప్పుకున్నాను.

మూడో ప్రశ్న: ఏ వెలుగులో చూస్తాం? 1/72 స్కేలు నమూనాను 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడటం, అసలు విమానాన్ని 21.6 మీటర్ల దూరం నుంచి చూడటంతో సమానం. మధ్యలో ఉన్న గాలి వల్ల రంగు పలచబడుతుందని, అందుకే కొంచెం తెలుపు కలపాలని నమూనాలు చేసేవారు అంటారు. లెక్క వేసి చూద్దాం. 20 కిలోమీటర్ల దూరంలోని కొండ కనిపించేంత తేటగా ఉన్న రోజున, 22 మీటర్ల గాలి వల్ల వెలుగునీడల తేడా తగ్గేది అరశాతం కన్నా తక్కువ. కంటికి అది తెలియదు.

మరి తెలుపు కలిపితే నమూనా సహజంగా ఎందుకు కనిపిస్తుంది? విమానం మీద పడే ఎండ సుమారు లక్ష లక్స్. మన గదిలో ట్యూబ్‌లైటు వెలుగు కొన్ని వందల లక్స్ మాత్రమే. మసక వెలుగులో అదే రంగు ముదురుగా, జీవం లేనట్లు కనిపిస్తుంది. అలవాటు సరైనదే, చెప్పే కారణమే సరిపోదు. ఎంత తెలుపు కలపాలో సూత్రం లేదు. పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద పూసి, పూర్తిగా ఆరనిచ్చి, నమూనాను ఉంచబోయే చోటనే చూసి నిర్ణయించుకోండి.

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. ఒక అట్టముక్కకు బూడిదరంగు వేసి మధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూడండి. ఏమి కనిపించిందో నోటుపుస్తకంలో రాసుకోండి. అట్ట ఒక్కటే, రంగూ ఒక్కటే. మారింది వెలుగు మాత్రమేనని మీకే తెలుస్తుంది.

సెలవు.