పైకప్పు దొరికింది, గది సంగతేమిటి?

అల్ ఐన్‌లో మనవాళ్ళు దారి చెప్పే తీరు మీకు తెలిసిందే: "రౌండెబౌట్ దాటి, మసీదు పక్క సందు." ఉత్తరాలకైతే ఏళ్ళ తరబడి కంపెనీ పోస్ట్ బాక్సే దిక్కు. అబుధాబి ప్రభుత్వం "ఒన్వాని" తెచ్చాక భవనాలకు నంబరు పలకలు, వాటి మీద క్యూఆర్ కోడ్ వచ్చాయి. ఒన్వాని అంటే అరబ్బీలో "నా చిరునామా". పేరు ముచ్చటగా ఉంది కదూ!

మన తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్‌ది వేరే పద్ధతి. ఐఐటి హైదరాబాదు, ఇస్రోవారి ఎన్‌ఆర్‌ఎస్‌సి తోడ్పాటుతో దేశాన్ని దాదాపు 4 మీటర్ల గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికి 10 అక్షరాల సంకేతం ఇచ్చారు. డోర్ నంబరు లేని పూరింటికీ ఒకటుంటుంది. ఉపగ్రహ చిత్రంలో మన కప్పు గుర్తుపట్టగలిగితే చాలు.

కానీ ఆకాశం నుంచి కనిపించేది కప్పే. సనాయియా క్యాంపులో ఒకే కప్పు కింద ఎన్ని అంతస్తులు, ఎన్ని గదులు! అర్ధరాత్రి ఒకరికి గుండెనొప్పి వస్తే, 998కి ఫోన్ చేసే కుర్రాడు ఏ గేటో, ఏ గదో కూడా చెప్పగలగాలి. ఈ వారమే పలక నంబరు, గేటు, అంతస్తు, గది ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అతికించండి. ఇంగ్లీషు రాని తమ్ముళ్ళ కోసం తెలుగు లిపిలో కూడా.