మన యింటి కుట్టుపురుగులు: వాటి గుర్తులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా ఊరివారికి చదువు పంచుచున్న ఈ గ్రంథాలయపు పండుగనాడు నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను కవిని గాను, పండితుడను గాను. ముప్పది సంవత్సరములు పాఠశాలలో ప్రకృతి శాస్త్రము బోధించినవాడను. కావున మనమందరము దినదినము చూచుచు, చూడనట్లే విడిచిపెట్టు ఒక చిన్న విషయమును ఎంచుకొంటిని. మన చూరులలో, గోడలమీద, పెరటి చెట్లలో కాపురముండి కుట్టు పురుగులను ఆనవాలు పట్టుట యెట్లు? ఇదియే నా ప్రసంగ విషయము.

ఇది వినోదమునకై యెంచుకొన్నది కాదు. ఈ గ్రంథాలయము వెలసిన రెండు మూడేండ్లకు మన ఊర జరిగిన సంగతి పెద్దలు మరచి యుండరు. ఒక రైతు, నలువది యేండ్లవాడు, దృఢకాయుడు, తన పశువుల కొట్టము కప్పించుచుండెను. చూరులోనుండి లేచిన కందిరీగ ఆయన మెడమీద కుట్టెను. కుట్టినది ఒక్కటే. మునుపు ఎన్నియో మారులు కుట్టించుకొన్నవాడు గనుక ఆయన నవ్వి ఊరకుండెను. పది నిమిషములలో ఒళ్లెల్ల దద్దురులు పొంగినవి. పెదవులు వాచినవి. గొంతు బొంగురుపోయెను. మేము సున్నము పూసితిమి, ఉల్లిపాయ రుద్దితిమి, మంత్రము వేయువానికి కబురు పంపితిమి. బండి కట్టునప్పటికి ఆయన ఊపిరి నిలిచిపోయెను.

మేము అంటిని. ఆ మేములో నేనును ఉంటిని. పాఠము చెప్పు పంతులనై యుండియు, చేయవలసినదేమో నాకు తెలియలేదు. ఆ సాయంకాలము ఊరి పడుచువారు కర్రలును, కిరసనాయిలు దివిటీలును పట్టుకొని కనబడిన గూటినెల్ల రాల్చిరి. ఎవరిని కుట్టని మట్టిగూళ్లు రాలినవి. ముల్లే లేని ఈగల గూళ్లు కాలినవి. కుట్టిన జాతి గూడు మాత్రము ఆ కొట్టపు చూరుక్రింద మరునాడును అట్లే వ్రేలాడుచుండెను.

ఆనవాలు తెలియనివాని భయము ఇట్టిది. అది చంపనక్కరలేనిదానిని చంపును. జాగ్రత్త పడవలసిన చోట ఏమరియుండును. నాటినుండి నేను ఈ పురుగులను గమనించుట మొదలిడితిని. నేర్చుకొన్నది నేడు మీ ముందుంచుచున్నాను.

మొదట ఒక సామాన్య సూత్రము. తేనెటీగలు, కందిరీగలు, తుమ్మెదలు, చీమలు, ఇవి యన్నియు ఒక్క వంశమునకు చెందినవి. వీటిలో కుట్టునది ఆడుపురుగు మాత్రమే. గ్రుడ్లు పెట్టు అవయవమే కాలక్రమమున ముల్లుగా మారినది గనుక మగవాటికి ముల్లు లేదు. ఇక పురుగును పోల్చుకొనుటకు దాని వెంటపడి చూడనక్కరలేదు. దాని ఇల్లు చూచిన చాలును. గూడు మైనముతో కట్టినదా, కాగితముతో కట్టినదా, మట్టితో కట్టినదా, కర్రను తొలిచి చేసినదా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడు సగము శాస్త్రము నేర్చినవాడే.

మైనపు ఇండ్లు తేనెటీగలవి. మన ప్రాంతమున వీటిలో నాలుగు రకములు కలవు. ఎత్తైన మర్రికొమ్మలకు, దేవాలయ గోపురములకు, నీళ్ల ట్యాంకులకు ఒకే పెద్ద తుట్టెగా, చేటకంటె వెడల్పుగా వ్రేలాడునది పెద్ద తేనెటీగ పట్టు. దీనినే కొండతేనెటీగ అందురు. నాలుగింటిలో మిక్కిలి భయపడదగినది ఇదియే. పొగ తగిలినను, గ్రద్ద తన్నినను, పిల్లలు రాయి రువ్వినను గుంపుగా లేచి చాలదూరము తరుముకొని వచ్చును. కార్తికమాసమున వనభోజనములకు పోవువారు పొయ్యి వెలిగించుటకు ముందు తలయెత్తి పైకొమ్మలు చూచుకొనుట మంచిది.

చెట్టు తొర్రలలో, గోడ సందులలో, పుట్టలలో వరుసగా అనేకమైన తుట్టెలు పెట్టునది పుట్టతేనెటీగ. పెట్టెలలో పెంచుటకు అనువైనది ఇదియే. కంచెలలో, నిమ్మకొమ్మల నడుమ అరచేయియంత తుట్టె ఒక్కటి మాత్రము పెట్టునది చిన్న తేనెటీగ. ఇది ముట్టనిదే కుట్టదు. నాలుగవది అన్నిటికంటె చిన్నది, చీమతలకాయవలె నల్లనిది. పాతగోడ నెర్రెలలో ఉండి, వాకిట మైనమును బంకయు కలిపి చిన్న గొట్టము నిలుపును. దీనికి పనిచేయు ముల్లు లేదు. కోపము వచ్చిన వెండ్రుకలలో దూరి కొరుకును, అంతే. నాడు మనవారు కాల్చినది వీటి గూళ్లనే.

తేనెటీగ కుట్టినదని తెలియుటకు ఒక నిశ్చయమైన గుర్తు కలదు. దాని ముల్లునకు రంపపు పండ్లవంటి కొక్కెములుండును. అందుచే ముల్లు విషపుతిత్తితో సహా మన చర్మములోనే తెగి నిలుచును, ఈగ చచ్చును. ఈగ పోయినను ఆ తిత్తి విషమును లోనికి తోయుచునే యుండును. ముల్లును పట్టి పీకరాదు, గీకియే తీయవలెనని మేము పూర్వము పిల్లలకు బోధించుచుంటిమి. 1996లో శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఎట్లు తీసినను ఒకటే, ఎంత త్వరగా తీసితిమన్నదే ముఖ్యమని తేల్చిరి. కావున చాకు వెదకుచు కూర్చుండక గోటితోనైనను తక్షణమే తీసివేయవలెను. ముల్లు తగిలినచోట అరటిపండువంటి వాసన పుట్టును. అది తక్కిన ఈగలను పిలుచు పిలుపు. కావున ఒకటి కుట్టిన చోట నిలువక దూరముగా పోవలెను.

ఇక కాగితపు ఇండ్లు. ఇవి కందిరీగలవి. కందిరీగ ఎండుకర్రను, పాత తలుపును గీరి, నారను నమలి, ఉమ్మితో కలిపి పలుచని బూడిదరంగు కాగితము చేయును. 1719లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రియామూరు దీనిని గమనించి, మనుష్యులును గుడ్డపేలికలకు మారుగా కర్రతో కాగితము చేయవచ్చునని సూచించెను. నేడు ఈ బీరువాలలోని పుస్తకములలో పెక్కింటి కాగితము కర్రగుజ్జుతో చేసినదే. మనకంటె ముందు ఆ విద్య నేర్చినది మన చూరులోని పురుగు అని గ్రంథాలయ మిత్రులు గుర్తుంచుకొనదగును.

కాగితపు ఇండ్లు రెండు విధములు. గొడుగువలె ఒక్క కాడనుండి వ్రేలాడుచు, అడుగున గదులు బయటికి కనబడునది సన్ననడుము కందిరీగది. పసుపు లేక ఇటుకరంగు ఒడలు, దారమువంటి నడుము, ఎగురునప్పుడు వ్రేలాడు పొడవైన కాళ్లు, ఇవి దాని గుర్తులు. కిటికీ మూలలలో, చూరులలో సాధారణముగా కనబడును. గూటిని కదల్చిననే కుట్టును. ఈ జాతిలో ఒకదాని సంసార పద్ధతిని బెంగళూరు విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్‌కర్ గారు దశాబ్దముల తరబడి పరిశోధించి లోకమునకు తెలిపిరి. ప్రపంచ ఖ్యాతి తెచ్చిన శాస్త్రము మన చూరు క్రిందనే కలదన్నమాట.

రెండవది పెద్ద కందిరీగ. బొటనవ్రేలి మొదటి కణుపంత యుండును. నల్లని ఒడలిమీద నారింజపసుపు పట్టె యొకటి వెడల్పుగా మెరయును. దీని గదులు పైకి కనబడవు. గూటిని కాగితపు పొరలు కుండవలె కప్పియుండును, రాకపోకలకు ఒక రంధ్రము మాత్రముండును. కొన్ని చెట్టుకొమ్మలకు కట్టును. కొన్ని తొర్రలలో, నేలబొరియలలో దాచును. కల్లుకుండలయొద్దను, మాంసపు అంగళ్లయొద్దను ఇవి వాలును. ఇంటి దాపున ఇట్టి గూడు కనబడినచో పిల్లలను ఆ దెస పోనీయరాదు. కందిరీగ ముల్లు నునుపైనది, చర్మములో చిక్కుకొనదు. కావున ఒకే కందిరీగ మరల మరల కుట్టగలదు. కుట్టినచోట ముల్లు కనబడనిచో అది తేనెటీగ కాదని ఊహింపవచ్చును.

మూడవవి మట్టి ఇండ్లు. వీటిని మీరు తలుపు రెక్కలవెనుక, తాళపు రంధ్రములలో, ఈ గ్రంథాలయపు పై అరలలో సయితము చూచియుందురు. సన్నని నడుముగల ఒంటరి కందిరీగ ఒకటి బురదను ఉండలుగా మోసి తెచ్చి కట్టునది ఇది. మన పెద్దలు చెప్పు భ్రమరకీట న్యాయము దీనినుండి పుట్టినదే. భ్రమరము పురుగును తెచ్చి గూటిలో మూసి, చుట్టును రొదచేయగా, ఆ పురుగు దానినే ధ్యానించి భ్రమరమై వెలువడునని వేదాంతులు దృష్టాంతము చెప్పుదురు. దృష్టాంతము మనోహరమైనది. ప్రకృతిలో జరుగునది వేరు. ఈ జాతులలో ఒకటి గొంగళిపురుగును, ఇంకొకటి సాలెపురుగును కుట్టి కదలకుండ చేయును. చంపదు, చంపిన క్రుళ్లును గదా! గదిలో దానిని పెట్టి, గ్రుడ్డు పెట్టి, మూసివేయును. గ్రుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఆ ఆహారమును తిని, పెరిగి, రెక్కలు వచ్చి వెలువడును. పురుగు భ్రమరము కాలేదు. భ్రమరపు బిడ్డకు భోజనమైనది.

ఈ మట్టిగూటి పురుగు ఒంటరిది. కాపాడుకొనుటకు సంఘము లేదు, గూటికై పోరాడదు. చేత పట్టి నలిపిననే తప్ప కుట్టదు. మన కాయగూర మళ్లలోని గొంగళిపురుగులను ఏరివేయు కూలి అడుగని పనివాడు. వీటిని రాల్చవలదని నా మనవి.

నాలుగవవి కర్ర ఇండ్లు. నల్లని ఒడలు, నీలిమెరుపు రెక్కలు, వినగనే గుండె ఝల్లుమను మ్రోత, ఇది తుమ్మెద. ఎండువెదురును, వాసములను గుండ్రముగా తొలిచి కాపురముండును; క్రింద రంపపుపొట్టు రాలియుండును. చూచుటకు భయంకరమైనను సాధుజీవి. మగది కుట్టలేదు, ఆడుది చేజిక్కిననే కుట్టును. వాసమునకు నష్టమన్నచో రంగు పూసిన చాలును.

చీమల సంగతి రెండు ముక్కలు. మామిడికొమ్మల ఆకులు కుట్టి గూడు కట్టు ఎర్రచీమ కుట్టదు. కొరికి, ఆ గాటున ఆమ్లమును చిమ్మును. గండుచీమయు కొరుకునదే. కాని నల్లతల, ఎర్రనడుము, నల్లపొట్ట గల సన్నని చీమ యొకటి చెట్టుబోదెలమీద ఒంటరిగా తిరుగును. అది నిజముగా కుట్టును, కందిరీగవలె మండును. మునగచెట్టుమీది కంబళిపురుగునకు ముల్లు లేదు. దాని నూగు గ్రుచ్చుకొని దురద పుట్టించును. తేలు పురుగుల జాతియే కాదు, ఎనిమిది కాళ్లది. అయినను ఇంట నుండునది గనుక చెప్పవలెను. లావుపాటి డెక్కలుగల పెద్ద నల్లతేలుకంటె, సన్నని డెక్కలుగల చిన్న ఎర్రతేలు ఎక్కువ ప్రమాదకరము. అది గుండెను దెబ్బతీయును. మహారాష్ట్రములో పల్లెవైద్యము చేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు ప్రాజోసిన్ అను మందు దీనికి పనిచేయునని 1986లో ప్రకటించిరి. ఆ వైద్యమువలన ఎందరో పిల్లలు బ్రతికిరి. ఎర్రతేలు కుట్టిన పిల్లవానిని మంత్రగానియొద్దకు కాక, ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇప్పుడు ముఖ్యమైన మాట. కుట్టినచో ఏమి చేయవలెను? ముల్లున్న తీసివేసి, సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ వేయుడు. వ్రేలికి ఉంగరమున్న వాపు రాకముందే తీయుడు. సున్నముగాని, ఉల్లిపాయగాని విషమును విరుచునని నమ్మకుడు. పెక్కుమందికి నొప్పియు, వాపును కొలది దినములలో తగ్గిపోవును. కాని రెండు సందర్భములలో ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయరాదు.

మొదటిది: ఒక్కటే కుట్టినను, కుట్టినచోట గాక ఒళ్లెల్ల దద్దురులు లేచుట, పెదవులు నాలుక వాచుట, ఊపిరి ఆడకుండుట, వాంతి, కళ్లు తిరుగుట, వీటిలో ఏది కనబడినను అది ప్రాణగండము. దీనికి మందు అడ్రినలిన్ సూది. 2005 నుండి నడచుచున్న 108 బండిని వెంటనే పిలువుడు. రోగిని నడిపింపక పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచుడు, ఊపిరాడనివానిని కూర్చుండనిండు. మునుపు ఏమియు కాలేదుగదా యని ధైర్యపడకుడు. మునుపటి కాటులే ఒంటిని ఇట్టి ప్రతిక్రియకు సిద్ధపరచును. మన రైతు విషయమున జరిగినది ఇదియే.

రెండవది: గుంపు మీదపడి పదులకొలది కుట్టినచో మనిషి బాగుగనే యున్నట్లు కనబడినను ఆసుపత్రికి చేర్చవలెను. ఆ విషము కండరములను, మూత్రపిండములను చెరుపును. ఆ కీడు ఒకటి రెండు దినములకు గాని బయటపడకపోవచ్చును. మూత్రము తగ్గినను, నల్లబడినను ప్రమాద సూచనయే. ఈగలు లేచినప్పుడు చేతులు విసరక, ముఖము కప్పుకొని, ఇంటిలోనికి పరుగెత్తి తలుపు మూయుడు. చెరువులో మునుగకుడు, తల యెత్తువరకు అవి పైన తిరుగుచునే యుండవచ్చును. దివిటీతో పట్టును కాల్చు పని ఎన్నడును వలదు. తీయక తప్పనిచో తెలిసినవారిచేత తీయింపుడు.

సభాసదులారా! ఆ రైతు పేరు నేను చెప్పలేదు. ఆయన కుమారులిద్దరును ఈ గ్రంథాలయపు చదువరులే, నేడు ఈ సభలో ఉన్నారు. నాకు ఆనాడు తెలియనిది వారి పిల్లలకు తెలియవలెనన్నదే నా కోరిక. ఇన్నేండ్లలో ఖాళీ అయిన గూళ్లను నేను ఏరి దాచితిని. మైనపుది, కాగితపుది, మట్టిది, తొలిచిన వెదురుముక్క, ఈ నాలుగును అద్దపు పెట్టెలో పెట్టి నేడు గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. పెట్టెమీద ఆసుపత్రికి పోవలసిన గుర్తులను పెద్ద అక్షరములతో వ్రాయించితిని. పుస్తకము చదువలేని ముసలివారికి వాటిని పిల్లలు చదివి వినిపింతురుగాక.